ఏటి డాల్ఫినులు – వ్రాతలేని భాగస్వామ్యము

(కళుగుమలై యందు జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో భాషను గూర్చియు, బడులను గూర్చియు, వర్తకమును గూర్చియు మాటలాడుట వాడుక. ఈ దినము నేను ఒక జలజంతువును గూర్చి చెప్పబూనితిని. జీవనదియే లేని ఈ మెట్టసీమలో, పప్పుధాన్యముల వర్తకుడు ఏటిలోని జంతువును గూర్చి చెప్పుటేమి యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ జంతువు కథలో తెలుగువారి రేవునకు చోటు కలదు. వర్తకునికి పాలు కలదు. చివరకు మన కొండ పేరునకును దానితో సంబంధము కలదు. అందువలననే అధ్యక్షులవారు అడిగినంతనే అంగీకరించితిని.

తూత్తుకుడి రేవునకు పనిమీద పోయిన మన సభ్యులలో కొందరు సముద్రమున ఎగిరిపడు నల్లని జంతువులను చూచియే యుందురు. అచ్చటి జాలరులు దానిని ఓంగిల్ అందురు. లోకము డాల్ఫిన్ అనుచున్నది. చూచుటకు చేపవలె నుండును గాని అది చేప కాదు. దానికి మొప్పలు లేవు. మనవలె ఊపిరితిత్తులు కలవు. అందుచే గాలి పీల్చుటకు మాటిమాటికి నీటిపైకి రావలయును. గ్రుడ్లు పెట్టదు, పిల్లను కని పాలిచ్చి పెంచును. ఈ జాతిలో అధికభాగము సముద్రవాసులే. కొన్ని మాత్రము నదులలో నివసించును.

మన దేశపు నదులలో ముఖ్యమైనది గంగా డాల్ఫిను. గంగ, బ్రహ్మపుత్ర, వాని ఉపనదులు దాని నివాసము. దాని మూతి పొడుగుగాను సన్నముగాను ఉండును. కన్నులు మిక్కిలి చిన్నవి. అవి ఇంచుమించు పనిచేయవు. బురదనీటిలో చూపుతో పనియేమి? అది సన్నని ధ్వనులను వెలువరించి, ఆ ధ్వని ఎదుటి వస్తువునకు తగిలి మరలివచ్చు తీరును బట్టి చేప ఎచ్చట నున్నదో, రాయి ఎచ్చట నున్నదో తెలిసికొనును. ఊపిరి విడుచునపుడు కలుగు చప్పుడును బట్టి ఉత్తరదేశమున దానిని సూస్ అని పిలుతురు.

మన పెద్దలు ఈ జంతువు నెరుగని వారు కారు. సంస్కృతమున శింశుమారము అను మాట కలదు. కొందరు దానికి మొసలి యనియు, కొందరు ఏటి డాల్ఫిను అనియు అర్థము చెప్పుదురు. భాగవతము పంచమస్కంధమున నక్షత్రమండలమంతయు శింశుమారాకృతిలో నున్నట్లును, దాని తోకకొనయందు ధ్రువుడు నిలిచియున్నట్లును వర్ణింపబడినది. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకము జరిగిన 26 సంవత్సరములకు చెక్కించిన అయిదవ స్తంభశాసనమున చంపగూడని జంతువుల పట్టిక నిచ్చెను. అందులోని గంగాపుపుటక మను పేరు ఈ జంతువుదే యని పలువురు పండితుల అభిప్రాయము. నేటి ప్రభుత్వము 1991లో బీహారు రాష్ట్రమున భాగల్పూరు వద్ద విక్రమశిలా అభయారణ్యమును దీనికొరకు ఏర్పరచెను. 2009లో దీనిని జాతీయ జలచరముగా ప్రకటించెను. 2025లో వెలువడిన లెక్క ప్రకారము మన నదులలో 6,327 డాల్ఫినులు కలవు.

ఈ చరిత్రలో తెలుగునేల పాత్ర యేమో చెప్పెదను. 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నుండి, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బరో అను వైద్యుడు పిమ్మట కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై పోయెను. గంగా డాల్ఫినును శాస్త్రలోకమునకు వర్ణించి చెప్పిన రచనలు 1801లో రెండు వెలువడగా, అందొకటి ఈయనది.

రెండవ కథ మరింత చిత్రమైనది. వాల్టర్ ఎలియట్ అను దొర 1845 మొదలు ఉత్తర సర్కారులకు కమీషనరుగా నుండెను. అమరావతి స్తూపపు శిల్పములను త్రవ్వించి మద్రాసునకు పంపినవాడు ఈయనయే. మొక్కల తెలుగు పేర్లను ప్రోగుచేసి 1859లో గ్రంథము వెలువరించినవాడును ఈయనయే. 1852లో విశాఖపట్టణపు రేవులో ఒక విచిత్రమైన డాల్ఫిను దొరకినది. దానికి ముక్కు లేదు. తల గుండ్రముగా కుండవలె నుండెను. ఎలియట్ సేకరించిన ఆ నమూనాను బట్టి లండనులో రిచర్డ్ ఓవెన్ పండితుడు 1866లో పొట్టి మూతి అను అర్థము వచ్చు పేరుతో దానిని లోకమునకు ప్రకటించెను. డైనోసారు అను మాటను పుట్టించినవాడు ఈ ఓవెనే. అటుపిమ్మట బర్మాదేశపు ఐరావతీ నదిలో ఇదే జంతువు కానవచ్చుటచే ఐరావతీ డాల్ఫిను అను పేరు స్థిరపడెను. ఇది సముద్రపుటంచున, ఉప్పుకయ్యలలో, పెద్ద నదులలో కూడ బ్రతుకగలదు. దీని జన్మపత్రము విశాఖపట్టణముది, ఇంటిపేరు బర్మాది.

తీరము విడిచి బర్మాలో పేరు తెచ్చుకొన్నది ఈ జంతువు ఒక్కటియే కాదు. మన గోదావరి, విశాఖ, గంజాము మండలముల వారు కోరంగి మొదలగు రేవులలో ఓడలెక్కి రంగూనునకు పోయి, ధాన్యపు మరలలోను, ఓడరేవులోను కష్టించిరి. అచ్చటివారు తెలుగువారిని కోరంగీలనియే పిలిచిరి. 1942 యుద్ధకాలమున ఎందరో అడవుల గుండ నడచి మరలివచ్చిరి. కొందరు అచ్చటనే నిలిచిరి.

2018 జనవరి మాసమున పప్పుధాన్యముల బేరమునకై నేను మాండలే నగరమునకు పోయితిని. విరుదునగరపు కొట్లకు వచ్చు మినుములలోను కందులలోను బర్మా సరకు ఎంత యుండునో ఇచ్చటి వర్తకుల కెరుకయే. మా బేరము కుదిర్చిన దళారి తాతగారు కాకినాడ ప్రాంతమునుండి వలసపోయిన వారట. ఆయన తెలుగు, మన తెలుగువలెనే, పరభాష నడుమ పెరిగిన తెలుగు. సరకు చూచుట ముగిసి రెండు దినములు తీరిక దొరకగా ఆయన, “బాబుగారూ, గుడులు గోపురములు అందరును చూచెదరు. మీరు ఏటిమీదకు రండి. మనుష్యునికి చేపలు తోలిపెట్టు జంతువును చూపించెదను” అనెను.

తెల్లవారుజామున పడవలో ఎదురేరు ప్రయాణమైతిమి. పడమటి గట్టున మింగున్ గ్రామము కనబడెను. 1808లో పోతపోసిన తొంబది టన్నుల గంట అచ్చటనే యున్నది. ఎండకాలపు ఇసుకతిన్నెలమీద రైతులు వేరుసెనగ, చిక్కుళ్లు వేసియుండిరి. ఇంకను పైకి పోగా చౌక్‌మ్యాంగ్ అను ఊరు. మనిషి దాగునంతటి మెరుగుపూత జాడీలకు పేరుబడ్డది. అది దాటగనే రెండు వైపుల కొండలు దగ్గరకు వచ్చి, నది ఇరుకై, వెదురును చెట్లును నీటి అంచు వరకు దిగిన అడవి మొదలయ్యెను. ఆ మలుపులలో ప్రొద్దు వాలువరకు వెదకితిమి. కొంగలు కనబడినవి, కలపతెప్పలు కనబడినవి, డాల్ఫిను కనబడలేదు. మరలి వచ్చి ఒక పల్లెలో రాత్రి గడపితిమి.

మరునాటి ఉదయము ఒక ముసలి జాలరి తన చిన్న దోనెలో ముందు నడువగా, మేము మా పడవ యంత్రమును ఆపివేసి అతని వెంట మెల్లగా సాగితిమి. అప్పుడు నాకొక సంగతి తెలిసెను. ఈ జంతువును కంటితో వెదకరు, చెవితో వెదకుదురు. నీరు నిశ్చలముగా నుండగా ఎచ్చటనో ‘భుస్’ మని నిట్టూర్పు వినబడును. తల త్రిప్పి చూచునప్పటికి వీపు మునిగిపోవును. యంత్రపు రొదలో వెదకు వానికి దినమంతయు తిరిగినను అది దొరకదు.

జాలరి ఒక చిన్న కర్రముక్కతో దోనె అంచును టకటకమని కొట్టెను. గొంతుతో ఒక వింత కూత పెట్టెను. తెడ్డుతో నీటిని చరచెను. కొంతసేపటికి నాలుగైదు బూడిదరంగు వీపులు నీటిమీద తేలెను. అవి ముందు పెద్ద చుట్టుగా తిరిగి, పిమ్మట ఆ చుట్టును చిన్నది చేయుచు, చేపల గుంపును దోనె వైపునకు తోలుకొని వచ్చెను. ఒక డాల్ఫిను తోకను నీటిపైకి ఎత్తి ఆడించెను. అదియే సంజ్ఞ యట. జాలరి లేచి నిలిచి విసురువలను వీచెను. వల గొడుగువలె విచ్చుకొని నీటిలో పడెను. చెదరిన చేపలను, వల అంచునుండి జారిన చేపలను డాల్ఫినులు పట్టుకొనెను. వల పైకి లాగగా అందు వెండిచేపలు మిలమిలలాడెను.

వర్తకుని బుద్ధి ఊరకుండదు గదా! పాలు పంచుకొనుట యెట్లని దళారి ద్వారా అడిగించితిని. ముసలివాడు నవ్వి, జారినది వారిది, మిగిలినది మాది, లెక్క వ్రాయ నక్కరలేదు అని చెప్పెను.

ఇది నిన్న మొన్న కల్పించిన వేడుక కాదు. 1868, 1875 సంవత్సరములలో ఆ నదిమీదుగా చైనా సరిహద్దు వైపు ప్రయాణించిన జాన్ ఆండర్సన్, కలకత్తా మ్యూజియమునకు అధికారి, దీనిని గూర్చి వ్రాసి యుంచెను. ప్రతి పల్లెకును కావలిగా నుండు డాల్ఫిను ఉండెడిదట, దానికొక పేరుండెడిదట. ఒక పల్లె డాల్ఫిను పొరుగువాని వల నింపినచో, ఆ చేపలలో మాకు పాలు రావలయునని స్థానిక న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచెడివని ఆయన తెలిపినాడు. సోదరులారా, మనము పత్రము వ్రాసి, సాక్షి సంతకములు పెట్టించి, నమోదు చేయించిన భాగస్వామ్యములే మూడేండ్లు నిలుచుట కష్టము. ఈ వ్రాతలేని భాగస్వామ్యము తరతరములుగా నిలిచినది.

ఇంతటి ఒడంబడిక ఇప్పుడు తెగిపోవుచున్నది. దానిని తెంచినది పగ కాదు, క్రూరత్వము కాదు, బ్యాటరీ. బ్యాటరీకి తీగెలు తగిలించి నీటిలో విద్యుత్తు పారించినచో ఆ చుట్టున నున్న చేపలన్నియు, పొదుగు నుండి వచ్చిన పసిపిల్లలు సైతము, తేలిపోవును. గంటల కొలది కర్ర తట్టి పిలువ నక్కరలేదు. ఆ దెబ్బ తగిలిన నీటిలో డాల్ఫినునకును ప్రాణాపాయమే. బ్రతికినదానికి ఆహారము మిగులదు. మనుష్యుని పిలుపుమీద నమ్మకమును మిగులదు. మా ముసలి జాలరి, మునుపు పిలిచిన దూరమునకు ఇప్పుడు అవి వచ్చుటలేదని చెప్పెను.

ఆ దేశపు ప్రభుత్వము 2005లో మింగున్ మొదలు చౌక్‌మ్యాంగ్ వరకు గల 74 కిలోమీటర్ల నదిని రక్షితప్రాంతముగా ప్రకటించెను. విద్యుత్తుతో చేపలు పట్టుట నేరము. అయినను 2020 నాటి లెక్కలో ఆ నదియందలి డాల్ఫినులు 80కి లోపే. 2021లో సైన్యము అధికారమును చేజిక్కించుకొనిన పిదప ఆ తీరమంతయు పోరాటములతో కల్లోలమైనది. చేపలకు కావలి కాయువా రెవరు? మెకాంగ్ నదిలో లావోస్ దేశపు హద్దున నుండిన ఇదే జాతిలో చివరిది 2022లో చనిపోయెను. అచ్చటి వలలలో చిక్కి ఊపిరాడక చచ్చినవే అధికము. నీటిలో నుండు జంతువు నీటిలో ఊపిరాడక చచ్చునా యని అడుగకుడు. అది గాలి పీల్చు జంతువని మొదటనే చెప్పితిని.

నిరాశకు మాత్రము తావు లేదు. మన దేశమున ఒడిశాలోని చిలికా సరస్సున ఇదే డాల్ఫిను కలదు. ఆ సరస్సు ముఖద్వారము పూడిపోయి, ఉప్పునీటి రాకపోకలు తగ్గి, చేపలు సన్నగిల్లినవి. 2000 సంవత్సరము సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త ముఖము త్రవ్వగా నీరు బాగుపడెను, చేపలు పెరిగెను. ఈ మధ్య జరిగిన లెక్కలలో అచ్చట ఇంచుమించు నూటయేబది డాల్ఫినులు కానవచ్చుచున్నవి. సాతపడ గ్రామపు పడవవారికి వానిని చూడవచ్చు యాత్రికుల వలన జీవనము జరుగుచున్నది. అచ్చటను యంత్రపు పడవలు వెంటబడి తరుముట యను కీడు లేకపోలేదు. కాని మనుష్యుడు తలచుకొన్నచో చెడిన నీటిని బాగుచేయగలడని చిలికా నిరూపించినది.

ఇక మన కొండ సంగతికి వచ్చెదను. కళుగు అనగా గద్ద, రాబందు. రావణునితో పోరి మడిసిన జటాయువు అన్నయగు సంపాతి ఈ కొండపై సుబ్రహ్మణ్యస్వామిని కొలిచి ముక్తి బొందెనని మన స్థలపురాణము. పక్షి పేరు మోయుచున్న ఊరిలో పుట్టిన మన పిల్లలలో రాబందును కంటితో చూచినవా రెందరు? ఈ రాష్ట్రమున రాబందులు నేడు నీలగిరుల చెంత మోయారు లోయ ప్రాంతమున మాత్రమే చెప్పుకొనదగినట్లు మిగిలియున్నవి. దేశమంతటను ముఖ్యమైన మూడు జాతులు నూటికి తొంబదికి పైగా నశించినవి. ఎవరును తుపాకితో కాల్చలేదు. పశువు నొప్పికి డైక్లోఫెనాక్ అను మందు వేసిరి. ఆ పశువు చచ్చిన పిదప దాని మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చెను. ఈ సంగతి 2004లో రుజువైనది. 2006లో ఆ మందును పశువులకు వాడుట నిషేధించిరి. మనుష్యులకని పెద్ద సీసాలలో అమ్మిన మందు దొడ్డిదారిన పశువులకు పోవుచుండుటచే 2015లో ఆ పెద్ద సీసాలను గూడ నిషేధించిరి.

రాబందుతోను మనకు వ్రాతలేని భాగస్వామ్యమే యుండెను. చచ్చిన గొడ్డు దాని పాలు, శుభ్రమైన ఊరు మన పాలు. ఆ భాగస్వామి పోయిన పిదప కళేబరములు కుక్కల పాలయ్యెను. ఊరిచివర వాని దుర్గంధము మన పాలయ్యెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఐరావతి డాల్ఫినును చంపు బ్యాటరీ చెట్టున కాయలేదు. ఒక కొట్టున కొనబడినది. రాబందును చంపిన మందు మేఘమునుండి కురియలేదు. ఒక కొట్టున అమ్మబడినది. రెండు చోట్లను అమ్మినవాడు దుర్మార్గుడు కాడు. కొన్నవాడును దుర్మార్గుడు కాడు. కాని సరకు చేతులు మారిన చోటనే, ఆ రేకుబల్లమీదనే, భాగస్వామ్యము తెగిపోయినది. అందువలన జంతువుల రక్షణ అడవి అధికారుల పని, మనకేమి యని వర్తకులమైన మనము చేతులు దులుపుకొనుట న్యాయము కాదని నా అభిప్రాయము.

బీదజాలరి పొట్ట ముఖ్యమా, జంతువు ముఖ్యమా యని కొందరు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. విద్యుత్తుతో చేపలు పట్టువాడును బీదవాడే. పలుచోట్ల వానికి ముందుగా అప్పిచ్చి, చేపలు మా కొట్టునకే రావలయునని కట్టడి చేయువాడు ఒక వర్తకుడు. అప్పు తరుముచుండగా కర్ర తట్టి డాల్ఫినును పిలిచి కాచుకొని కూర్చుండుటకు వానికి ఓపిక యెట్లుండును? కాని పసిచేపలతో సహా నదిని ఊడ్చినచో వచ్చు సంవత్సరము వాడును పస్తుండవలసినదే. అసలును తిని వడ్డీ మిగులుననుకొను వర్తకము ఎచ్చటను లేదు. కావున బీదవాని పొట్టయు డాల్ఫిను ప్రాణమును ఒకే ఖాతాలోనివి. ఆ ఖాతాలో అప్పిచ్చువాడు నిదానించినచో ఇద్దరును బ్రతుకుదురు.

నా విన్నపము పెద్దది కాదు. మన సభ్యులలో మందుల కొట్లు గలవారును, పాడిపశువులు గలవారును కలరు. పశువు నొప్పికి మెలాక్సికాం వంటి, రాబందునకు హాని చేయని మందు కలదు. పశువైద్యుని అడిగి దానినే కోరుడు. 2023లో నిషేధింపబడిన అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ మందులను పశువులకు ఈయకుడు, అమ్మకుడు. విశాఖపట్టణమునకో, జగన్నాథమునకో యాత్ర పోవువారు చిలికాకు పోయినచో, యంత్రము ఆపి దూరమున నిలుచు పడవవానికే బేరమియ్యుడు. తరుముటకు ఒప్పుకొను పడవవానికి ఈయకుడు. పడవవాడును వర్తకుడే, ఏది అమ్ముడుపోవునో దానినే అతడు అమ్మును.

కొండ పేరు మిగిలి పక్షి పోయిన ఊరి వారము మనము. నది పేరు మిగిలి జంతువు పోయెనని మరియొక ఊరివారు చెప్పుకొను దినము రాకుండుగాక.